ముక్బిల్ నా ముందు పెట్టిన తుపాకి

తుపాకి తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు నాకు కొత్త కాదు. అమ్రాన్‌కు ఉత్తరాన, కొండ మీద ఉన్న మా ఊళ్లో ఎవరింట తాత పోయినా, ఎవరి అటక మీద పాత గుడ్డల మూట విప్పినా, అందులోంచి బయటపడ్డ ఇనుము చివరికి నా గదికే చేరుతుంది. "హిజాం చూస్తే గాని దాని పేరు తెలియదు" అంటారు. ఆ మాట వింటే నాకు కాస్త గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు? గొట్టం మీద ముద్ర, బోల్టు మీద అంకెలు, కర్ర రంగు చూసి ఇది తుర్కుల సైన్యంతో వచ్చిందా, ఇంగ్లీషువాళ్లు ఏడెన్‌లో పంచిందా, లేక ఏ మూల కొలిమిలోనో పుట్టి పెద్దింటి ముద్ర కొట్టించుకున్న దొంగదా అని చెప్పేస్తాను. అందుకే ఆ మధ్యాహ్నం ముక్బిల్ బాబాయి తుపాకి తెచ్చి పెడితే ఇంకొకటి వచ్చింది అనుకున్నాను. అలా అనుకోవడమే నా కొంప ముంచింది.

ఖాత్ ఆకు నమిలే వేళ అది. పై అంతస్తు గదిలో నేనూ జుబ్రానూ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాం. జుబ్రాన్ నా చిన్ననాటి స్నేహితుడు, బజారులో ఎండుద్రాక్ష అమ్ముతాడు. అతని నోట్లో ఆకు నానుతుంది గాని నువ్వుగింజ నానదు. ముక్బిల్ మెట్లెక్కి వచ్చాడు. మా వీధి చివరి ఇల్లే ఆయనది. డెబ్బై దాటిన మనిషి, మా నాన్న ఈడువాడు, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకు తిరిగినవాడు. సలాం చెప్పాడు గాని కూర్చోలేదు. భుజాన ఉన్న తుపాకి దించి, రెండు చేతులతో నా మోకాళ్ల ముందు పెట్టాడు.

"ఇదుగో అబ్బాయ్, నీ ముందు పెట్టాను. ఇక నీ ఇష్టం" అన్నాడు.

నేను ఆయన ముఖం చూశానా? లేదు. తుపాకినే చూశాను. తుర్కు సైన్యం కోసం జర్మనీలో చేసిన తుపాకి, మా వైపు జర్మల్ అంటాం. సుల్తాను ముద్ర ఎవరూ గీకేయలేదు. చంద్రవంక గీతలు నిన్న కొట్టినట్టున్నాయి. ఇలాంటిదాని కోసం నేను సనా దాకా పోయి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. తూటాను లోపలికి తోసే బోల్టును వెనక్కి లాగాను. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు నల్లగా గడ్డకట్టి, దాని మీది అంకెలు సగం మూసుకుపోయాయి. కనబడ్డ మొదటి రెండు అంకెలు గొట్టం మీదివి కావు. గొట్టానికీ బోల్టుకూ ఒకటే అంకె ఉండాలి. లేదంటే ఒక తుపాకి బోల్టు ఇంకో తుపాకిలో చేరిందన్నమాట. అలాంటిదాని వెల పడిపోతుంది. కొనేవాడి బుద్ధి ఇంకెక్కడికి పోతుంది?

"బోల్టు దీనిది కాదు బాబాయ్, ఎవరిదో" అన్నాను.

"అవును, దీనిది కాదు." ఆయన తల దించుకున్నాడు.

"ఏం పర్లేదులే. తుపాకులన్నాక జరిగేదే. దానికింత ముఖం వేలాడేసుకోవాలా? నేను ఉంచుకుంటా దీన్ని."

ముక్బిల్ వంగి నా తల మీద ముద్దు పెట్టాడు. అంత పెద్దమనిషి నా తల ముద్దు పెట్టుకోవడమేమిటని నేను వెనక్కి జరిగేలోపే, కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు. వెల అడగలేదు. టీ కూడా తాగలేదు.

"దాని మీద అంత ప్రాణమున్నోడు అమ్మడం దేనికంట?" అన్నాడు జుబ్రాన్.

"హజ్‌కి పోతున్నాడుగా. ఖర్చులుండవూ?" అన్నాను. నా తెలివి చూడండి.

కొత్తగా వచ్చిన తుపాకిని వచ్చిన రోజే తోమకూడదు. నువ్వుల నూనె అద్దిన గుడ్డతో పైపైన తుడిచి, కొన్నాళ్లు గోడకు వదిలేయాలి. గది గాలి దానికి అలవాటు పడాలి. నేనూ అలాగే చేశాను. నా గోడకు చాలా వేలాడుతుంటాయి. ఒత్తి వెలిగించి పేల్చే ముత్తాతల తుపాకి, ఇంగ్లీషువాళ్ల మార్టినీ, ఎలా వచ్చిందో ఎవరికీ తెలియని ఇటలీది ఒకటి. అన్నిటికంటే కింద, తలుపు తెరిస్తే చాటున పడే మేకుకు, మా నాన్న జర్మల్. దాన్ని అతిథులకు చూపించను. చూపిస్తే వాళ్లు నవ్వు ఆపుకోలేరు. మా ఊళ్లో పని చేయని దేన్నైనా "కాయిద్ తుపాకి" అంటారు. కదలని మోటారు, నీళ్లు పడని బావి, మాట ఇచ్చి తప్పించుకున్నవాడు, అన్నీ కాయిద్ తుపాకులే. కాయిద్ మా నాన్న పేరు.

నేను బాగా చిన్నవాడిగా ఉన్నప్పుడు మా నాన్న ఒక వర్తకుడికి కనుమ దాటేదాకా తోడు వెళ్లాడు. మా కొండల్లో తోడు వెళ్లినవాడు తన ప్రాణం పోయినా ఆ మనిషిని కాపాడాలి. కనుమలో దొంగలు పడ్డారు. వర్తకుడు చచ్చిపోయాడు, మా నాన్న ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చాడు. "నొక్కాను, టిక్కుమంది, పేలలేదు" అన్నాడు. బోల్టు విప్పి అందరికీ చూపించాడు. తూటా మీద కొట్టే సూది మొన విరిగి ఉంది. "ఇంటికొచ్చి ఆకురాయితో అరగదీశాడు" అన్నారు మనుషులు. ఆ తర్వాత పోయేదాకా మా నాన్న పదిమందిలో గడప పక్కన, చెప్పుల దగ్గరే కూర్చున్నాడు. ఆ తుపాకి ఎందుకు పేలలేదో తెలుసుకుందామనే నేను తుపాకులు విప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడో దానికి కొత్త సూది కూడా వేశాను. జవాబు మాత్రం దొరకలేదు, గోడ నిండింది.

ఆదివారం సంతలో షేక్ హాదీ నన్ను చూసి, జనాన్ని తోసుకుంటూ వచ్చి కావలించుకున్నాడు. మా తెగ పెద్ద ఆయన. ఊరికే కావలించుకునే మనిషి కాదు.

"నీ గుండె పెద్దదిరా హిజాం. ముక్బిల్ తన తుపాకి నీ ముందు పెట్టాడంట, నువ్వు తీసుకున్నావంట, పైగా ఏం పర్లేదన్నావంట. ఈ రోజుల్లో ఎవడంటాడు ఆ మాట? హజ్ బస్సు కదిలే పొద్దున మా వాకిట్లో అందరి ముందూ నీ తీర్పు చెప్పు. తుపాకి ఆయన చేతికిచ్చి సాగనంపుదాం."

ఆ తుపాకి అమ్మకానిది కాదని అప్పటికి గాని నాకు వెలగలేదు. మా కొండల్లో తప్పు చేసినవాడు, ఎవడికి చేశాడో వాడి ముందు తుపాకి పెడతాడు. నీ తీర్పుకు తల వంచానని దానర్థం. అవతలివాడు తీసుకుంటే తీర్పు చెప్పడానికి ఒప్పుకున్నట్టు. తీర్పు అయ్యేదాకా ఆ తుపాకిని పేల్చకూడదు, విప్పకూడదు. ఇదంతా పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, నాకు తెలియక కాదు. కానీ ఆ పనికి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వస్తారు. వారానికొకడు తుపాకి తెచ్చి పెట్టే నా గదికి ఒక్కడే వచ్చి, నోరు విప్పకుండా పెట్టి పోతే నేనేం అనుకోవాలి?

"మీకు... ఏ విషయమో చెప్పాడా షేక్?" అన్నాను మెల్లగా.

"నేనడగలేదు, ఆయన చెప్పలేదు. 'హిజాంకి తెలుసు, చూడగానే పట్టేశాడు' అన్నాడు. మీ ఇద్దరి మధ్యది, మాకెందుకు?"

పట్టేశానట. నేను పట్టింది ఒక్క బేరమే. ఏ తప్పో తెలియకుండా తుపాకి తీసుకున్నానంటే ముసలాయన్ని ఎగతాళి చేసినట్టు. తుపాకి వెనక్కి పంపితే నీ క్షమాపణ నాకక్కర్లేదన్నట్టు, అంటే పగ. పోనీ తెలియకుండానే క్షమించేద్దామా అంటే, క్షమించరానిదేదో క్షమించి కూర్చుంటానేమో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. బస్సేమో ఆ వారంలోనే కదులుతుంది.

జుబ్రాన్‌కు చెప్పక తప్పలేదు. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఆకు నములుతూ తుపాకికి వెల కట్టేవాడివి, మనిషి ఏడుస్తున్నాడని చూడొద్దూ?"

"నువ్వూ ఉన్నావుగా పక్కన. నువ్వెందుకు చూడలేదు?"

"నేను ద్రాక్ష అమ్ముకునేవాణ్ని. నువ్వు పండితుడివి." కాసేపు బుర్ర గోక్కుని, "మీ మెట్టచేను గట్టు జరిపాడేమో" అన్నాడు.

"గట్టు రాతిది. మా తాత కట్టింది అలాగే ఉంది."

"నీ కుక్క పోయిన ఏడు చచ్చింది చూడు, దానికేమన్నా పెట్టాడేమో."

"ముసలిదై చచ్చింది."

"అయితే మీ ఆవిడని నీకంటే ముందు ఆయన కొడుక్కి అడిగారు. ఆ సంబంధం చెడగొట్టి నీకు తగిలించాడు. తప్పంటే అదీ తప్పు."

లోపలి గదిలోంచి మా ఆవిడ దగ్గింది. జుబ్రాన్ నాలుక కరుచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

మా అమ్మను అడిగాను. మా అమ్మ తకియ్యాకు కళ్లు మందగించాయి గాని చెవులు పాముచెవులు. రోజంతా పై కిటికీ దగ్గర కూర్చుని, కింద ఎవరు నడిచారో అడుగుల చప్పుడుతో చెబుతుంది.

"అమ్మా, ముక్బిల్ బాబాయి మనకెప్పుడైనా కీడు చేశాడా?"

"కీడా? మీ నాన్న పోయినప్పుడు గోతి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. నాకంటే ఎక్కువ ఏడ్చాడంటే నాకే వింతగా అనిపించింది." కిటికీ వైపు తిరిగింది. "పండగ పండగకీ మాంసం పంపుతాడు. మొన్న తుపాకి తెచ్చేదాకా ఈ గడప మాత్రం తొక్కలేదు. ఎందుకో నేనడగలేదు."

నాకు ఇంకా అయోమయం పెరిగింది. చివరికి సిగ్గు విడిచి ముక్బిల్ ఇంటికే పోయాను. ఆయన హజ్ కోసం కొన్న తెల్ల వస్త్రం మడత విప్పి చూసుకుంటున్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు. కూర్చోబెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, బస్సు సంగతీ, మక్కాలో ఎండల సంగతీ మాట్లాడాను. ఆ మాట ఆయనే ఎత్తాడు.

"నీ మాటతో నా గుండె మీద బరువు దిగిందిరా అబ్బాయ్. హజ్‌కి పోయేముందు తప్పు ఒప్పుకోవాలిగా, కానీ నోటితో చెప్పే ధైర్యం చాల్లేదు. అంకెలు చదివేవాడివి, నువ్వే కనిపెడతావనుకుని వచ్చా. కనిపెట్టావు. పైగా ఏం పర్లేదన్నావు. ఇన్నేళ్లూ తేలు కుట్టిన దొంగలా బతికా."

నేను తల ఊపాను. అన్నీ తెలిసినవాడిలా ఊపాను. వీధిలోకి వచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. అంకెలా? ఏ అంకెలు?

ఇంటికొచ్చి, చేయకూడని పని చేశాను. తీర్పు కాని తుపాకిని గోడ మీంచి దించాను. కిటికీ వెలుగులో కూర్చుని బోల్టు బయటికి లాగాను. పాత ఇనుము మీద ఇసుక కాగితం పెట్టేవాడి చెయ్యి విరగ్గొట్టాలని అందరికీ చెబుతుంటాను. అందుకని నూనె పోసి నానబెట్టి, సన్నని చెక్క పుల్లతో జిడ్డును కొంచెం కొంచెంగా తీశాను. మూడో అంకె తేలింది. నాలుగోది తేలింది. ఆ అంకెను నేను చదవలేదు, గుర్తుపట్టాను. నా పేరు ఎలా తెలుసో నాకు ఆ అంకె అలా తెలుసు. అది మా నాన్న తుపాకి గొట్టం మీది అంకె.

తలుపు చాటు మేకు నుంచి నాన్న జర్మల్ తీశాను. దాని బోల్టు దానిది కాదని నాకు కుర్రతనం నుంచీ తెలుసు. తుర్కుల ఆయుధాల కొట్లోనే కలిసిపోయి ఉంటుందని సరిపెట్టుకున్నాను, పుస్తకం చదివినవాడిలా. ఇప్పుడు ఆ బోల్టు మీది అంకె పట్టుకుని ముక్బిల్ తుపాకి గొట్టం చూశాను. అదే అంకె. రెండు తుపాకులూ, రెండు బోల్టులూ, ఒకదాని బోల్టు ఇంకొకదానిలో. విరిగిన సూది ఉన్న బోల్టు మా నాన్న తుపాకిలోకి వచ్చింది. మా నాన్న అబద్ధమాడలేదు.

"ఏం పర్లేదులే. తుపాకులన్నాక జరిగేదే." నేనే అన్నాను ఆ మాట, నా నోటితో. నాకు కోపం వచ్చింది. ముక్బిల్ మీదా, ఊరి మీదా, నా మీదా, ఎవరి మీద ఎంతో నాకే తెలియలేదు. పక్క గదిలో అమ్మ ఉంది. రెండుసార్లు లేచి, చెప్పలేక మళ్లీ కూర్చున్నాను. రెండు బోల్టులనూ వాటి వాటి తుపాకుల్లో పెట్టాను. నాన్న తుపాకి గొట్టంలోకి వెలుగు పట్టి చూశాను. పగులు లేదు, తుప్పు లేదు. తూటా సరిగ్గా కూర్చుంది.

బస్సు కదిలే పొద్దున షేక్ వాకిలి కిక్కిరిసింది. ఆ వాకిలికి ఎదురుగానే మా ఇల్లు. యాత్రకు పోయేవాళ్లు మూటలతో నిలబడ్డారు. సాగనంపేటప్పుడు గాల్లోకి పేల్చడానికి మగవాళ్లందరూ తుపాకులు తెచ్చారు. నేను రెండు తుపాకులతో వచ్చాను. జుబ్రాన్ ఎగాదిగా చూశాడు.

"హిజాం, నీ తీర్పు చెప్పు" అన్నాడు షేక్. "తప్పు కింద ఎద్దుని కోయమంటావా, ఊరికే వదిలేస్తావా?"

"ముందు నా బుద్ధితక్కువ సంగతి చెబుతాను షేక్" అన్నాను. "ముక్బిల్ బాబాయి తుపాకి పెట్టినప్పుడు నేనేం కనిపెట్టలేదు. అమ్మకానికి తెచ్చాడనుకున్నా."

వాకిలంతా నవ్వింది. ముక్బిల్ నవ్వలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"అయితే ఆ మాట... ఏం పర్లేదన్న మాట..."

"బోల్టు గురించి అన్నా బాబాయ్. వెల గురించి. ఏం జరిగిందో నోటితో చెప్పు, అందరూ వింటారు."

షేక్ ఏదో అనబోయాడు. ముక్బిల్ చెయ్యెత్తి ఆపాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా తమ్ముడి పెళ్లి పొద్దున నా తుపాకి సూది విరిగింది. పెళ్లిలో పెద్దన్న తుపాకి పేలకపోతే నలుగురూ నవ్వుతారని భయపడ్డా. ముందు రాత్రే కాయిద్ మా ఇంటికి విందుకొచ్చి తుపాకి మా గోడకే తగిలించి పడుకున్నాడు. వాడిదీ నాదీ ఒకటే రకం. వాడి బోల్టు తీసుకుని నాది దాంట్లో పెట్టా. సాయంత్రం మళ్లీ మార్చేద్దామనుకున్నా. వాడు ఎవరికో తోడు పోవాలని అప్పటికప్పుడు బయల్దేరిపోయాడు. నేను పెళ్లిలో పేల్చుకుంటూ ఉన్నా. వాడొచ్చాక చెబుదామనుకున్నా. వాడొచ్చినప్పుడు మనిషి చచ్చిపోయున్నాడు. ఇంక ఎలా చెప్పను?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. తుపాకి తీసుకుని పర్లేదన్నాక మాట మాటేనని ఒకరు. తెలియక అన్న మాట మాటెలా అవుతుందని ఇంకొకరు. షేక్ ఇద్దరి వైపూ తల తిప్పి తిప్పి, చివరికి నా వైపు చూశాడు. బస్సువాడు హారన్ కొట్టాడు.

"ఎద్దులొద్దు" అన్నాను. ముక్బిల్ తుపాకిని ఆయన కొడుకు చేతికిచ్చాను. మా నాన్న తుపాకిని ముక్బిల్ ముందుకు చాపాను. "దాని బోల్టు దాని దగ్గరికొచ్చింది. నువ్వే పేల్చు బాబాయ్, మా ఇంటి ముందు. అదే నా తీర్పు."

"నా చేత్తోనా?"

"నీ చేత్తోనే."

ఆయన తుపాకి పట్టుకుని నా కళ్లలోకి చూశాడు. "మరి నన్ను క్షమించావా?"

"తెలియదు బాబాయ్. నిజంగా తెలియదు."

అది నిజం. ఈ రోజుకీ తెలియదు.

ముక్బిల్ నాలుగడుగులు వేసి మా గడప ముందు నిలబడ్డాడు. గొట్టం ఆకాశం వైపు ఎత్తాడు. వాకిలంతా ఊపిరి బిగబట్టింది. నేను కూడా, లోపలికి వెళ్లిన తూటాలు నా చేత్తో పెట్టినవే అయినా, టిక్కుమంటుందేమోనని కళ్లు మూసుకున్నాను.

పేలింది. కనుమ దాకా పోయి తిరిగొచ్చింది ఆ మోత. జుబ్రాన్ అలవాటుగా "కాయిద్ తుపా..." అని మధ్యలో ఆగిపోయాడు. జనం కదిలారు, మూటలు ఎత్తుకున్నారు. అయిపోయిందనుకుని నేను తుపాకి కోసం చెయ్యి చాపాను.

పైనుంచి కిటికీ తలుపు తెరుచుకుంది. మగవాళ్ల కూటంలో ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, చూపు ఆనని కళ్లతో కిందికి వంగింది.

"ముక్బిల్, ఇంకోసారి పేల్చు" అంది. "ఆ రోజు ఆయన రెండుసార్లు నొక్కాడు."

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ముక్బిల్ బోల్టు వెనక్కి లాగాడు. ఖాళీ తూటా మా గడప రాయి మీద పడి దొర్లింది. ఆయన కళ్లు తుడుచుకుని, తుపాకి మళ్లీ భుజానికెత్తాడు.